తుప్పు పట్టిన పాత కారు: ఏ బండి తీసుకోవాలి, ఏ పని ఇంట్లో చేసుకోవాలి

మా మామయ్యకు అంబాసిడర్ మార్క్ 4 ఉండేది. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు ఊళ్లోకి వచ్చినప్పుడు ఆ బండి పైకప్పు దాకా మునిగింది. నీళ్లు తీశాక మామయ్య ఇంజన్ విప్పించి బాగు చేయించాడు, కొత్తగా రంగు కొట్టించాడు, పెరట్లో వేపచెట్టు కింద పెట్టుకున్నాడు. ఆయన పోయాక అత్త నన్ను పిలిచి, "నువ్వే తీసుకో నాయనా, బయటోళ్లకిస్తే ముక్కలు చేసి తూకానికి అమ్ముకుంటారు" అంది.

సరిగ్గా అప్పుడే గుత్తి దగ్గర ఒక పల్లెలో అదే మార్క్ 4 ఇంకొకటి అమ్మకానికి ఉందని తెలిసింది. వేరుశనక్కాయ బస్తాలు పెట్టుకునే రేకుల షెడ్డులో ఏళ్ల తరబడి నిలబడిపోయిన బండి. ఇంజన్ బిగుసుకుపోయింది. రంగు వెలిసి, చేయి పెడితే సున్నం అంటినట్టు అంటుకుంటోంది. సీట్లను ఎలుకలు కొరికేశాయి. మామయ్య బండి మాత్రం బ్యాటరీ పెట్టి తాళం తిప్పితే స్టార్టయ్యేది, దూరం నుంచి చూస్తే తళతళలాడేది.

నా చేతిలో ఉన్నది మొత్తం లక్షన్నర. ఎవరినడిగినా మామయ్య బండే బాగు చేసుకోమన్నారు. నేను గుత్తి బండి తెచ్చుకున్నాను. తక్కువ డబ్బుతో ఇంట్లోనే పాత కారు బాగు చేసుకోవాలనుకునేవాళ్లకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే కాబట్టి, అలా ఎందుకు చేశానో ముందు చెప్తాను.

ఇంజన్ వినకండి, అడుగు చూడండి

అంబాసిడర్‌కి లారీకి ఉన్నట్టు వేరే ఛాసిస్ ఉండదు. రేకులన్నీ కలిసి అతుక్కున్న పెట్టే బరువంతా మోస్తుంది. ప్రీమియర్ పద్మిని కారు కూడా అంతే, మారుతి 800 కూడా అంతే. ఇంజన్ పోతే లేత్ షాపులో బోరు కొట్టించి, పిస్టన్లు వేయించి, వాల్వులు గ్రైండింగ్ చేయిస్తే మళ్లీ నడుస్తుంది. ఎంత అవుతుందో మేస్త్రి ముందే లెక్క చెప్పగలడు. రేకు పోతే ఎంత పోయిందో కోసి చూసేదాకా ఎవరికీ తెలియదు. తక్కువ డబ్బుతో పని మొదలుపెట్టేవాడిని ముంచేది పెద్ద ఖర్చు కాదు, లెక్క తెలియని ఖర్చు.

చూడటానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. స్క్రూడ్రైవర్, టార్చి, చిన్న అయస్కాంతం, కింద పరుచుకోడానికి ఒక గోనె పట్టా. అయస్కాంతానికి పల్చని గుడ్డ చుట్టి డోర్ల కింది అంచు, మడ్‌గార్డుల వంపు, డిక్కీ చుట్టూ మెల్లగా జరపండి. ఎక్కడ పట్టు వదిలేస్తే అక్కడ రంగు కింద మందంగా లప్పం ఉన్నట్టు. తర్వాత బండి కింద దూరి స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ పోండి. మంచి రేకు టంగుమని మోగుతుంది. పోయిన రేకు అట్టపెట్టెను తట్టినట్టు మొద్దుగా పలుకుతుంది. అక్కడ స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కండి. "రంగు పోతుంది" అని అమ్మేవాళ్లు అడ్డుపడితే ఆ బండిని అక్కడే వదిలేసి వచ్చేయండి.

అంబాసిడర్‌లో ముఖ్యంగా చూడాల్సినవి మూడు. డోర్ల కింద ముందు నుంచి వెనక దాకా పొడవుగా పోయే పెట్టె, అంటే సిల్. వెనక కమాన్ పట్టీలు వేలాడే చోట్లు. ముందు చక్రాల బరువు మోసే టార్షన్ బార్ల వెనక కొసలు బిగించి ఉండే అడ్డ మెంబర్, ఇది ముందు సీట్ల కింద నేల అడుగున ఉంటుంది. ఈ మూడింటిలో రెండు పోయి ఉంటే ఇంట్లో చేసే పని కాదు. చక్రాల వంపులో చిల్లులు, డిక్కీ నేలలో చిల్లులు, డోర్ కింద అరచేయంత తుప్పు, ఇవన్నీ చూడ్డానికి భయపెడతాయి కానీ మన చేతిలో అయ్యే పనులే.

మామయ్య బండి సిల్ మీద తట్టినప్పుడు మోత రాలేదు. కింది అంచున స్క్రూడ్రైవర్ ఆనించి నొక్కగానే లోపలికి దిగిపోయింది. తిప్పి బయటికి లాగితే సన్నని నల్ల ఒండ్రు జారింది. అది 2009 వరద మట్టి. ఇన్నేళ్లూ ఆ మట్టి పెట్టె లోపల తేమ పట్టుకుని కూర్చుంది, పైన మాత్రం మెరిసే రంగు ఉంది. వరద తర్వాత పని చేసినాయన సిల్ విప్పి కడగలేదు. తుప్పు మీదే లప్పం పెట్టి, దాని మీద రంగు కొట్టేశాడు. మామయ్య ఆ పనికి అప్పు చేసి డబ్బు కట్టాడని నాకు తెలుసు. ఆ రోజు ఆ బండి కింద నుంచి లేచి రావడానికి నాకు చాలాసేపు పట్టింది.

గుత్తి బండి అడుగు పొడిగా ఉంది, సిల్‌లలో మాత్రం కొంత తుప్పు ఉంది. అనంతపురం వైపు ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే, దేశంలోనే బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో అదొకటి. రేకుల కింద ఉన్న బండి అక్కడ ఎండకు రంగు పోగొట్టుకుంటుంది గానీ రేకు పెద్దగా పోగొట్టుకోదు. మీరు బండి వెతికేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. మన సీమ పల్లెల్లో వెలిసిపోయి నిలబడ్డ బండి, సముద్రం పక్క ఊళ్ల నుంచి వచ్చిన మెరిసే బండి కన్నా చాలాసార్లు మేలు. నల్లమట్టి చేలగట్టున వాననీళ్లు నిలిచే చోట కూరుకుపోయిన బండికి మాత్రం ఈ మాట వర్తించదు.

మామయ్య బండిని నేను తూకానికి వేయలేదు. గ్రిల్లు, అద్దాలు, స్టీరింగు, నాలుగు డోర్ల హ్యాండిళ్లు, డ్యాష్‌బోర్డు గుత్తి బండికి వెళ్లాయి. అత్త ఇప్పుడు ఎక్కి కూర్చుంటే ఆమె చేయి పట్టుకునే హ్యాండిల్ పాతదే. ఇలా రెండు బండ్లు కలిపేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. ఛాసిస్ నంబరు ఏ బాడీ మీద ఉందో ఆ ఆర్‌సీయే బండికి చెల్లుతుంది. నంబరు పలక అటుదిటు మార్చొద్దు, అది కేసు అవుతుంది. మిగిలిన బండి రిజిస్ట్రేషన్‌ని ఆర్టీఓ ఆఫీసులో రాసిచ్చి రద్దు చేయించుకోండి.

ఇంకా బండి కొనకపోతే

చేతిలో బండి లేకుండా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా పాత మహీంద్రా జీపు. దానికి వేరే ఛాసిస్ ఉంటుంది, బాడీ విడిగా లేస్తుంది, రేకులు చాలావరకు చదునుగా ఉంటాయి. చదును రేకు కోసి మడిచి అతకడం కొత్తవాడు కూడా నేర్చుకోగలడు. అంబాసిడర్ మడ్‌గార్డు వంపు కొట్టాలంటే చేయి తిరిగిన టింకరింగ్ మేస్త్రి కావాలి.

అంబాసిడర్‌కి ఉన్న బలం సామాన్లు. ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014 దాకా తయారైంది కాబట్టి ఇంజన్, బ్రేకు, స్టీరింగు సామాన్లు ఇంకా దొరుకుతున్నాయి. పద్మిని చూడముచ్చటైన బండి, ఇంజన్ 1,089 సీసీ, నడపడం హాయి. కానీ తయారీ 2000 ప్రాంతంలోనే ఆగిపోయింది, బాడీ సామాన్లకు తిరగాలి. మారుతి 800 సామాన్లు ఏ ఊళ్లో అయినా దొరుకుతాయి, కాకపోతే రేకు పల్చన, వెల్డింగ్ తగిలితే చిల్లు పడుతుంది. కాంటెస్సా, స్టాండర్డ్ హెరాల్డ్ మీద మనసుంటే ముందు ఒక చిన్న బండి మీద చేయి తిప్పుకుని తర్వాత వాటి జోలికి వెళ్లండి.

సామాన్ల కోసం అనంతపురం వాళ్లు బెంగళూరు జేసీ రోడ్డుకి, కడప వాళ్లు చెన్నై పుదుపేటకి, కర్నూలు వాళ్లు హైదరాబాద్‌కి వెళ్లడం మామూలే. వెళ్లే ముందు మన ఊళ్లోని పాత మెకానిక్ షెడ్ల అటకలు ఒకసారి అడిగి చూడండి. నాకు కొత్త వైపర్ మోటారు కర్నూల్లోనే, దుమ్ము పట్టిన పెట్టెలో దొరికింది.

తుప్పు తీయడానికి ఏ పద్ధతి

ఇంట్లో చేయగలిగినవి నాలుగు: గ్రైండర్‌కి వైర్ కప్పు బ్రష్, తుప్పు యాసిడ్, నిమ్మ ఉప్పు నీళ్లు, కరెంటు తొట్టి. బయట చేయించేది శాండ్ బ్లాస్టింగ్, అంటే గాలి ఒత్తిడితో ఇసుకలాంటి రవ్వ కొట్టి తుప్పు రాల్చడం. అన్నీ అన్నిటికీ పనికిరావు, చాలామంది డబ్బు వృథా అయ్యేది ఇక్కడే.

వెడల్పు రేకులకు గ్రైండరే. కానీ వైర్ బ్రష్‌లో ఒక మోసం ఉంది. తుప్పు గుంతలను అది పూర్తిగా తీయదు, పైపైన రుద్ది మెరిసేలా చేస్తుంది. మీరు శుభ్రమైందనుకుంటారు. ఎండలో పెట్టి దగ్గర్నుంచి చూస్తే మెరుపు మధ్యలో మిరియపు గింజల్లా నల్ల చుక్కలు కనిపిస్తాయి. అవే తుప్పు వేర్లు. వాటి మీద ప్రైమర్ కొడితే రెండు వానాకాలాలకు రంగు బుడగలొస్తుంది. అందుకే బ్రష్ తర్వాత ఆ చుక్కల మీద ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ కుంచెతో పట్టించాలి. అది తుప్పును ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. డబ్బా మీద రాసిన సమయం ఆగి, కడగమంటే కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, అదే రోజు ప్రైమర్ కొట్టండి. ఒట్టి రేకును ఒక రాత్రి వదిలేసినా, అందులోనూ వానాకాలంలో, తెల్లారేసరికి పసుపు పూసినట్టు కొత్త తుప్పు తేలుతుంది.

బాత్‌రూమ్ కడిగే యాసిడ్ చవక, తుప్పును నిమిషాల్లో తింటుంది, నిజమే. దాన్ని కారు బాడీ దగ్గరికి రానివ్వకండి. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. రేకు సందుల్లోకి దూరి, ఎంత కడిగినా క్లోరైడ్ మిగిలి, లోపల్నుంచి మళ్లీ తుప్పు లేపుతుంది. దాని పొగకు పక్కనున్న పానాలు, డ్రిల్లు బిట్లు కూడా తుప్పు పడతాయి.

బోల్టులు, క్లిప్పులు, స్ప్రింగులు వంటి చిన్న సామాన్లకు నిమ్మ ఉప్పును మించింది లేదు. లీటరు నీళ్లకు యాభై గ్రాముల చొప్పున కలిపి ప్లాస్టిక్ బకెట్లో రాత్రంతా నానబెట్టండి. పొద్దున బ్రష్‌తో రుద్ది, తినే సోడా నీళ్లలో ముంచి, ఎండలో ఆరబెట్టి నూనె రాయండి. రోజుల తరబడి అందులోనే వదిలేస్తే మంచి ఇనుమును కూడా తింటుంది.

బ్రష్ దూరని మెలికల సామాన్లకు, అంటే డోర్ కీళ్లు, బానెట్ లాక్, జాకీ వంటివాటికి, కరెంటు తొట్టి బాగుంటుంది. లీటరుకు ఒక పెద్ద చెంచా వాషింగ్ సోడా కలిపిన నీళ్లలో తుప్పు వస్తువును 12 వోల్టుల బ్యాటరీ ఛార్జర్ నెగటివ్‌కి, పనికిరాని ఇనుప ముక్కను పాజిటివ్‌కి కలపాలి. రెండూ తగలకూడదు. స్టెయిన్‌లెస్ స్టీలు ముక్క మాత్రం పెట్టొద్దు, నీళ్లలోకి విషపు క్రోమియం దిగుతుంది. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్, కాబట్టి ఆరుబయట పెట్టండి, దగ్గర బీడీ సిగరెట్ వెలిగించొద్దు, ఛార్జర్ ఆపాకే చేయి పెట్టండి.

శాండ్ బ్లాస్టింగ్‌కి చక్రాలు, సస్పెన్షన్ చేతులు, జీపు ఛాసిస్ పంపండి. బానెట్, డోర్లు, పైకప్పు పంపొద్దు. ఒక మిల్లీమీటరు కూడా లేని రేకు ఆ దెబ్బలకు సాగి అలలు తేలుతుంది, ఆ తర్వాత ఏ మేస్త్రీ దాన్ని చదును చేయలేడు. మామూలు ఇసుకతో ఇంట్లో కంప్రెసర్ పెట్టి కొట్టడం అసలే వద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే పోదు.

డోర్ల అడుగున నీళ్లు కారిపోవడానికి కంపెనీ వాళ్లు పెట్టిన చిన్న కంతలుంటాయి. మామయ్య బండి డోర్ కింద సైకిల్ పుల్ల పెట్టి పొడిచాను. ముందు వేపాకు పొడి ముద్దలా వచ్చింది, తర్వాత కాఫీ డికాక్షన్ రంగు నీళ్లు దాదాపు గ్లాసుడు కారాయి. వాన పడి అప్పటికి నెల దాటింది. ఏ బండి తెచ్చుకున్నా మొదటి రోజే ఈ పని చేయండి, పైసా ఖర్చు లేదు.

అతుకు: గ్యాస్, ఆర్క్, మిగ్, ఫైబర్

ఫైబర్ మ్యాట్ రెజిన్‌తో అతికించడం తేలిక, చవక. బరువు మోయని చోట, అంటే మడ్‌గార్డు అంచు, డిక్కీ మూలల్లో, తుప్పు పూర్తిగా కోసేశాక పెట్టుకోవచ్చు. సిల్‌కి, నేలకి, కమాన్ పట్టీల దగ్గర పెట్టడం పాపం. బండి గుంతలో పడిన రోజు అది విడిపోతుంది, అప్పుడు లోపల మన పిల్లలు ఉంటారు.

కిటికీ గ్రిల్లులు చేసే ఆర్క్ వెల్డింగ్ చేయి పల్చని రేకు మీద నిలవదు, కాల్చి చిల్లు పెడుతుంది. గ్యాస్ వెల్డింగ్ పాత మేస్త్రీల చేతిలో అద్భుతంగా ఉంటుంది, కానీ వేడి ఎక్కువ పారి రేకు మెలి తిరుగుతుంది. నా ఓటు మిగ్ వెల్డింగ్‌కి, అంటే మిషన్ లోంచి 0.8 మిల్లీమీటర్ల తీగ దానంతటదే వస్తూ, అతుకు చుట్టూ గాలి తగలకుండా గ్యాస్ ఊదే పద్ధతికి. మిషన్ కొనక్కర్లేదు. ముక్కలన్నీ మీరే సిద్ధం చేసుకుని మేస్త్రిని రోజు కూలికి పిలవండి. నేను అలాగే చేశాను, డబ్బు మిగిలింది కూడా అక్కడే.

ముక్క సిద్ధం చేయడమంటే ఇదీ పని. తుప్పు చుట్టూ మంచి రేకు వచ్చేదాకా కోసేయాలి. ఆ కంతకు అట్టతో నమూనా తీయాలి. పాత పెళ్లి శుభలేఖల అట్ట దీనికి బాగా సరిపోతుంది, మడిస్తే నిలబడుతుంది, విరగదు. ఆ నమూనా ప్రకారం సీఆర్ రేకు, అంటే జింకు పూత లేని ఒట్టి ఉక్కు రేకు కోయాలి, బయటి బాడీకి 20 గేజీ, నేలకి 18 గేజీ. మిగిలిపోయిన జీఐ రేకు ఇంట్లో ఉంది కదా అని వాడొద్దు. దాని మీది జింకు కాలితే వచ్చే తెల్లపొగకు సాయంత్రానికి చలిజ్వరం పట్టుకుంటుంది.

మా మేస్త్రి భాయ్ నా ముక్కలు చూసి, "సార్, ఒకేసారి రెండు సిల్‌లూ కోయొద్దు, బండి నడుం వంగుతుంది" అన్నాడు. ఆ మాట విలువ నాకు తర్వాత తెలిసింది. ఒక వైపు కోసే ముందు డోర్ చుట్టూ సందు ఎంతుందో నాలుగు చోట్ల కొలిచి రాసుకున్నాం, డోర్ చౌకట్టుకు అడ్డంగా ఇనుప పట్టీ తాత్కాలికంగా అతికించాం. ఆయన వరసగా గీత లాగలేదు. ఇక్కడొక చుక్క, జానెడు దూరంలో ఇంకో చుక్క, మళ్లీ మొదటి చోటికి. రేకు మీద చేయి పెట్టి వేడి తగ్గాకే తర్వాతి చుక్క. ఒక సిల్‌కి పూర్తిగా ఒక పగలు పట్టింది. పట్టీ తీసి డోర్ వేస్తే వేలితో నెట్టినా సరిగ్గా మూసుకుంది.

వెల్డింగ్‌కి ముందు పెట్రోల్ ట్యాంకు దింపి దూరంగా పెట్టండి. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం, లోపల ఆవిరి ఉంటుంది. బ్యాటరీ వైర్లు తీసేయండి, సీట్లు, మ్యాట్లు బయట పెట్టండి, ఇసుక బకెట్ పక్కన ఉంచండి. బండిని ఇటుకల మీద, కడప బండల మీద ఎత్తి కింద దూరొద్దు. రాయి చెప్పకుండా పగులుతుంది. ఇనుప స్టాండ్లు, వాటి కింద మందపాటి చెక్క పెట్టండి.

అతుకులయ్యాక పెట్టె లోపలికి క్యావిటీ వ్యాక్స్, అంటే తేమ తగలకుండా లోపలి గోడలకు పట్టుకునే మైనం, పట్టించండి. ఇది వెల్డింగ్ అంతా అయ్యాకే, లేకపోతే నిప్పంటుకుంటుంది. పాత ఇంజన్ ఆయిల్ పోయడం మన దగ్గర అలవాటు. అందులో యాసిడ్లుంటాయి, చర్మానికి కూడా మంచిది కాదు.

రంగు

ఇంట్లో కొట్టుకునేవాళ్లకు ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటు అనువు. త్వరగా ఆరుతుంది కాబట్టి దుమ్ము తక్కువ పడుతుంది, తప్పు పోతే వాటర్ పేపర్‌తో రుద్ది మళ్లీ కొట్టొచ్చు. మన ఎండకు కొన్నేళ్లలో మెరుపు తగ్గుతుంది, పాలిష్ చేసుకుంటూ ఉండాలి. పీయూ (పాలీయూరెథేన్) రంగు మెరుపు, మన్నిక వేరే స్థాయి. కానీ దాన్ని గట్టిపరచడానికి కలిపే హార్డెనర్‌లో ఊపిరికి హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి, ముక్కుకు గుడ్డ కట్టుకుని పెరట్లో కొట్టేది కాదు. పీయూనే కావాలంటే ప్రైమర్, రుద్దుడు దాకా మీరు చేసి, చివరి రంగుకు పెయింట్ బూత్ (రంగు కొట్టే మూసిన గది) ఉన్న చోటికి పంపండి. కూలిలో ఎక్కువ భాగం ఆ రుద్దుడికే పోతుంది కాబట్టి అలా చేసినా చాలా మిగులుతుంది.

ఒట్టి రేకు మీద ఎపాక్సీ ప్రైమర్, దాని మీద లప్పం, అదీ పల్చగా. లప్పం తేమ పీల్చుకుంటుంది. నేరుగా రేకు మీద మెత్తితే ఏమవుతుందో మామయ్య బండి చూపించింది. డబ్బు అయిపోయి మధ్యలో ఆగాల్సి వస్తే ఎపాక్సీ దశలో ఆగండి. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ కొట్టి వానలో వదిలేస్తే తేమ లోపలికి దిగుతుంది.

కాలం కూడా ముఖ్యమే. వానాకాలం తేమలో ఎన్‌సీ తెల్లగా మసకబారుతుంది. మే ఎండలో థిన్నర్ గాల్లోనే ఆరిపోయి రంగు గరుకుగా పడుతుంది. అనంతపురం వైపు ఆషాఢం గాలికి ఏ రంగూ నిలవదు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, మంచు విడిచాక పొద్దున తొమ్మిది పదింటికి, నేల తడిపి కొట్టుకోండి. రంగు మార్చాలనుకుంటే ఆర్‌సీలో కూడా మార్పించుకోవాలి.

ఇంజన్, కాగితాలు

బిగుసుకున్న ఇంజన్‌ని వెంటనే విప్పొద్దు. ప్లగ్గులు తీసి ఒక్కో కంతలో రెండు చెంచాల పల్చని నూనె పోసి వారం ఆగి, హ్యాండిల్‌తో కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడించండి. గుత్తి బండిది తొమ్మిదో రోజు కదిలింది. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, పాత రబ్బరు పైపుల్ని, పంపు డయాఫ్రంని అది మెత్తబరుస్తుంది. ఇథనాల్‌కు తట్టుకునే పైపులు వేయండి, బండి నెలల తరబడి నిలబెట్టేటట్టయితే ట్యాంకు ఖాళీ చేయండి.

పెట్రోల్ బండికి డీజిల్ ఇంజన్ వేయిద్దామని చాలామంది అంటారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా అలా మార్చకూడదు. ఆ తిరుగుడుకు అయ్యే ఖర్చుతో అసలు ఇంజనే బాగవుతుంది.

బండికి డబ్బు ఇచ్చే ముందే ఆర్‌సీ, ఛాసిస్ నంబరు సరిచూడండి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. 20 ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజును 2025 ఆగస్టులో 10,000 రూపాయలకు పెంచారు, గ్రీన్ ట్యాక్స్ వేరు. 50 ఏళ్లు దాటిన బండికి 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది, ఫీజు 20,000, నంబర్‌లో వీఏ అని వస్తుంది. అయితే ఆ బండిని రోజువారీగా తిప్పకూడదు. ఆదివారం అత్తను ఎక్కించుకుని నంద్యాల వెళ్లిరావాలనుకునే నాలాంటివాళ్లకు మామూలు రెన్యువలే మేలు.

నా లక్షన్నరలో బండికి, దాన్ని తేవడానికి పోగా మిగిలినదాంట్లో సగం పైన రేకు, వెల్డింగ్, ప్రైమర్లకే పెట్టాను. సీట్లకు మామూలు రెక్సిన్ వేయించాను, క్రోమ్ పూత ఇంకా వేయించలేదు. మొదటి పెద్ద వాన పడిన రాత్రి బండిని కావాలనే బయట నిలబెట్టాను. పొద్దున నాలుగు మ్యాట్లూ ఎత్తి, నేల మీద, సిల్ మూలల్లో అరచేత్తో తడిమి చూశాను. ముందు అద్దం ఎడమ మూల రబ్బరు దగ్గర మాత్రం వేలికి తడి తగిలింది. ఆ రబ్బరు ఈ వారం మారుస్తున్నాను.